తాకి చూసినందుకు ఎంత?

పోయిన నెల ఒక స్నేహితుడు ఫోన్ చేశాడు. పక్షుల ఫోటోలు తీయడానికి పెద్ద జూమ్ లెన్సు కొనాలనుకుంటున్నాడు, ఎక్కడ కొనమంటావని అడిగాడు. నేను ఆలోచించకుండానే చెప్పేశాను: "ముందు షాపుకెళ్ళి చేత్తో పట్టుకుని చూడరా. నచ్చితే ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకో." కెమెరా పిచ్చి ఉన్నవాళ్ళం ఒకరికొకరం ఎప్పుడూ చెప్పుకునే మాటే ఇది. వాడికి ఈ లోకం కొత్త. అందుకేనేమో, మాలో ఎవరం అడగని ప్రశ్న అడిగాడు.

"మరి షాపాయన అరగంట నిలబడి చూపిస్తాడు కదా, ఆయనకేం ఇవ్వాలి?"

"ఏమీ ఇవ్వక్కర్లేదు" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ జవాబు నాకే గొంతులో ముల్లులా తగులుకుంది. ఎందుకంటే నేను ఏమీ ఇవ్వని సందర్భం ఒకటుంది. దాన్ని చాలా ఏళ్ళుగా గుర్తు చేసుకోకుండా తప్పించుకు తిరుగుతున్నాను.

ఎడమ కన్ను

అప్పటికి డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వదిలి, ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారదామని మూడు నెలలు రివ్యూలు చదివాను. ఏ సెన్సరు (ఫోటోని పట్టే చిప్పు) ఎంత చీకట్లో ఎంత నాయిస్ (ఫోటోలో పడే గరుకు చుక్కలు) ఇస్తుందో నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. ఒక మోడల్ ఖాయం చేసుకుని, కొనేముందు ఒక్కసారి పట్టుకుని చూద్దామని షాపుకి వెళ్ళాను. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ వెనకవైపు ఎడమ మూలకి ఉండే రకం అది. పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల్లా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

కౌంటరు వెనకాయన కెమెరా నా చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా వేరే పని చూసుకుంటున్నాడు. నేను కంటికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాను. ఫోకస్ పాయింటు దానంతటది స్క్రీన్ మీద గంతులేస్తోంది. సెట్టింగులో ఏదో తేడా అనుకున్నాను. ఆయన తలెత్తి ఓ క్షణం చూసి, "మీది ఎడమ కన్నా?" అన్నాడు.

అవును, నేను ఎడమ కంటితో చూస్తాను. కుడి కంటితో చూసేవాళ్ళకి ఆ రకం కెమెరాలో ముక్కు బాడీ పక్కకి వెళ్ళిపోతుంది. అదే దాని సుఖం. నాకేమో ముక్కు సరిగ్గా టచ్ స్క్రీన్ మీదకొచ్చి ఆనుతోంది. ఆ కెమెరాలో వ్యూఫైండర్‌లో చూస్తుండగా స్క్రీన్ మీద వేలు జరిపి ఫోకస్ పాయింటు మార్చుకునే సౌకర్యం ఉంది. నా ముక్కు ఆ సౌకర్యాన్ని నా అనుమతి లేకుండా వాడేసుకుంటోంది. టచ్ ఆపేసుకోవచ్చు, కానీ నేను ఆ మోడల్ కోరుకున్న కారణాల్లో అదొకటి. ఆయన లోపలికెళ్ళి, వ్యూఫైండర్ మధ్యలో ఉండే ఇంకో కెమెరా బాడీ తెచ్చి ఇచ్చాడు. దాన్లో స్క్రీన్‌లో ముక్కు ఆనని భాగం మాత్రమే టచ్‌కి పనిచేసేలా పెట్టుకోవచ్చని చూపించాడు. మొత్తం కలిపి పది నిమిషాలు. మూడు నెలల రివ్యూలు పక్కకెళ్ళిపోయాయి.

ఆ రాత్రే ఆ రెండో బాడీ ఆన్‌లైన్‌లో కొన్నాను. రేటు కాస్త తక్కువుంది, పైగా ఇంటికే వస్తుంది. ఆయనతో మాత్రం "ఇంట్లో ఓ మాట అనుకుని వస్తాను" అని చెప్పి బయటపడ్డాను. ఆ వాక్యం వినగానే షాపువాళ్ళకి అర్థమైపోతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆయన మర్యాదగా తలూపాడు.

ఎనిమిది తొమ్మిది నెలలకి సెన్సరు మీద మరక పడింది. ఊదితే పోలేదు. శుభ్రం చేసేది ఆ షాపులోనే. మొహం చెల్లక రెండు వారాలు వాయిదా వేశాను. ఆకాశం ఉన్న ప్రతి ఫోటోలో నల్లచుక్క కనపడుతుంటే ఇక తప్పక వెళ్ళాను. ఆయన కెమెరా అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ముక్కు సమస్య లేదు కదా ఇప్పుడు?" అన్నాడు. అంతే. ఒక్క మాట ఎత్తిపొడవలేదు. సెన్సరు తుడిచి బిల్లు రాశాడు. తక్కువేమీ రాయలేదు.

ఆ బిల్లు కట్టినప్పుడు నాకు కలిగిన తేలిక గురించే ఈ వ్యాసం. ఆయన ఉదారంగా "పర్లేదు, ఉంచండి" అని ఉంటే నేను చచ్చిపోయేవాణ్ణి. డబ్బు తీసుకున్నాడు కాబట్టి మళ్ళీ వెళ్ళగలిగాను. మరి మొదటి రోజు పది నిమిషాలకి కూడా అలాగే బిల్లు రాసి ఉంటే?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కెమెరా షాపులు చూపించడానికి, చెప్పడానికి డబ్బు తీసుకోవాలి. ఎంతో అంత, బోర్డు మీద రాసిపెట్టి మరీ. "స్థానిక షాపుని బతికించండి" అనే పిలుపు కన్నా, "ఆన్‌లైన్‌లో చవక" అనే లెక్క కన్నా అది నిజాయితీగా ఉంటుందని నాకనిపిస్తుంది. ఇది అనుకున్నంత సులువు కాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

రీళ్ళు పోషించిన కౌంటరు

ఒకప్పుడు ఈ ప్రశ్న ఎందుకు రాలేదంటే, తాకి చూసిన ఖర్చు వేరే దారిలో వసూలయ్యేది. కెమెరా మనిషి పదేళ్ళకోసారి కొంటాడు. ఫిల్ము రీలు ప్రతి పండక్కీ పెళ్ళికీ కొంటాడు, కడిగిస్తాడు, ప్రింట్లు వేయిస్తాడు, బాగా వచ్చినవి పెద్దవి చేయిస్తాడు. కెమెరా అమ్మడంలో మిగిలేది తక్కువైనా షాపుకి బాధ లేదు. ఆ కెమెరా వచ్చే పదేళ్ళూ మనిషిని మళ్ళీ మళ్ళీ షాపుకి లాక్కొచ్చేది.

ఇది ఈ వ్యాపారం పుట్టుకలోనే ఉంది. 1888లో ఈస్ట్‌మన్ తెచ్చిన మొదటి కొడాక్ కెమెరాలో వంద ఫోటోలకి సరిపడా ఫిల్ము ముందే నింపి ఉండేది. అయిపోయాక మొత్తం కెమెరానే అమెరికాలో రోచెస్టర్‌లోని కంపెనీకి పంపితే, వాళ్ళు ఫోటోలు కడిగి, కొత్త ఫిల్ము నింపి తిప్పి పంపేవాళ్ళు. అసలు బేరం ఆ కడగడంలోనే ఉంది. (దూరంగా ఉన్న ఎవరికో డబ్బిచ్చి పార్సిల్ కోసం ఎదురు చూడటం మన తరంతో మొదలైందనుకుంటాం గానీ, అదీ ఈ కెమెరా వయసుదే.)

డిజిటల్ వచ్చాక కడగాల్సింది ఏమీ లేకుండా పోయింది. షాపుకి మిగిలింది డబ్బా అమ్మకం ఒక్కటే. సరిగ్గా ఆ డబ్బానే ఇంకొకడు గోదాములోంచి ఇంకాస్త తక్కువకి అమ్మగలడు. ఆ పైన ఫోన్లు వచ్చాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా లెక్కల ప్రకారం 2010లో ప్రపంచమంతటికీ కలిపి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైన. 2020లో 90 లక్షలు కూడా లేవు. ఆ మధ్యలో బ్రిటన్‌లో జెస్సప్స్ అనే కెమెరా షాపుల సంస్థ 2013 జనవరిలో దివాలా తీసి, 187 షాపులు మూసేసింది. అమెరికాలో అలాంటిదే రిట్జ్ 2009లోనే దివాలా పిటిషన్ వేసింది. షాపుల్ని ఆన్‌లైన్ చంపిందని అందరం అంటాం. నాకు తెలిసినంతలో షాపు ప్రాణం ఫిల్ము పోయినప్పుడే సగం పోయింది, ఫోన్లతో ఇంకొంచెం పోయింది. ఆన్‌లైన్ చివర్లో వచ్చి తలుపు వేసింది.

కాబట్టి నేను ఆ రోజు ఆయన పది నిమిషాలు వాడుకోవడం కొత్త పాపమేమీ కాదు. మా నాన్న తరం కూడా కౌంటరు దగ్గర గంటలు గంటలు వాడుకుంది. కాకపోతే వాళ్ళ రీళ్ళు దాని బాకీ తీర్చేవి.

కొట్లో తెలిసేదేమిటి, ఇంట్లో తెలిసేదేమిటి

ఇక్కడ షాపు పక్షం వాళ్ళతో నాకో పేచీ ఉంది. "షాపులో పరీక్షించి తీసుకోవచ్చు" అంటారు. ఏం పరీక్షిస్తాం?

లెన్సులో వచ్చే అసలు లోపం డీసెంటరింగ్. లోపలి అద్దం ఏదో ఒక వెంట్రుక మందం పక్కకి జరిగి, ఫోటోలో ఒక మూల మసకగా, మిగతా మూడు మూలలు బాగా వస్తాయి. ఇది పట్టుకోవాలంటే అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న ఒకే వస్తువుని నాలుగు మూలల్లోకీ మార్చి మార్చి తీసి, పెద్ద తెర మీద పక్కపక్కన పెట్టి చూడాలి. ట్యూబ్ లైటు కింద, పది అడుగుల అవతల గోడకున్న పోస్టరు మీద, వెనక ఇంకో కస్టమరు గొంతు సవరించుకుంటుంటే ఇది అయ్యే పని కాదు. షాపులో నేను ఎప్పుడూ చేసిందేమిటంటే నాలుగు ఫోటోలు తీసి, కెమెరా వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి, తెలిసినట్టు తలూపడం.

లెన్సులు ఒకదానికొకటి తేడాగా ఉంటాయన్న సంగతి మామూలు జనానికి వివరంగా రాసి చెప్పినవాడు లెన్స్‌రెంటల్స్ స్థాపించిన రోజర్ సికాలా. ఒకే మోడల్ లెన్సులు బోలెడన్ని పరీక్ష యంత్రం మీద పెట్టి చూసి, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవని గ్రాఫులు గీసి చూపించాడు. ఆయన అమ్మకాల మనిషి కాదు, లెన్సులు అద్దెకిచ్చే మనిషి. ఆ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

డీఎస్‌ఎల్‌ఆర్ రోజుల్లో షాపుకి ఇంకో వాదన ఉండేది. ఫోకస్ చూసే సెన్సరు వేరు, ఫోటో తీసే సెన్సరు వేరు. రెండూ పొసగకపోతే కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడేది. అందుకే జనం తమ బాడీ పట్టుకెళ్ళి, దానికి కుదిరే లెన్సు ఏరుకునేవాళ్ళు. 2007 ప్రాంతంలో ఆ తేడాని మనమే సరిచేసుకునే సెట్టింగు బాడీల్లోకి వచ్చింది. మిర్రర్‌లెస్‌లో ఫోటో తీసే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది కాబట్టి ఆ జబ్బు దాదాపు పోయింది. షాపుకి వెళ్ళడానికి ఒక గట్టి కారణం అలా చల్లగా జారిపోయింది.

ఇంట్లో అయితే రెండు వారాలు టైముంటుంది. పొద్దున వెలుగు, సాయంత్రం వెలుగు, పిల్లల పరుగు, ఎదురింటి గోడ ఇటుకలు. బాగోకపోతే వెనక్కి పంపడం. యూరప్‌లో అయితే ఇది చట్టమే. 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశం ప్రకారం దూరం నుంచి కొన్న వస్తువుని 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా తిప్పి ఇచ్చేయొచ్చు. షాపులో కొన్నవాడికి ఆ చట్టం ఈ హక్కు ఇవ్వదు. నువ్వు చూసే కొన్నావు కదా అని.

ఆ ఆదేశం పీఠికలో ఒక మాట నాకు భలే నచ్చింది. తిప్పి పంపేలోగా వస్తువుని ఎంతవరకు వాడి చూడొచ్చు? షాపులో ఎంతవరకు చూడనిస్తారో అంతవరకు, అని ఉంది అక్కడ. అంటే ఆన్‌లైన్ కొనుగోలుకి కొలబద్ద కూడా షాపే. షాపులన్నీ పోయాక ఆ కొలత ఎక్కడ చూసుకోవాలో మరి.

ఇంతకీ నా పేచీ ఏమిటంటే, వస్తువులో లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి ఇల్లే మంచి చోటు. షాపులో తెలిసేది వేరు. గ్రిప్‌లో చిటికెన వేలు ఇముడుతుందా, కళ్ళజోడు పెట్టుకుంటే వ్యూఫైండర్ నాలుగు అంచులూ కనపడతాయా, ఆ జూమ్ రింగు నేను తిప్పే వైపే తిరుగుతుందా, ట్రైపాడ్ కాలు విప్పడానికి ఎన్ని చేతులు కావాలి. నేను ఆ రోజు కెమెరాని పరీక్షించడానికి వెళ్ళాననుకున్నాను. అక్కడ పరీక్ష జరిగింది నాకు.

అలా అయితే షాపు అమ్ముతున్న సరుకు కెమెరా కాదన్నమాట. ఆ చూపు. దాని ఖరీదు మాత్రం ఏ బిల్లులోనూ కనపడదు.

0213

ఆన్‌లైన్ గురించి కూడా ఒకటి చెప్పాలి. ఆ మధ్య ఒక పెద్ద సైటులో ఒక చిన్న అమ్మకందారు దగ్గర "కొత్తది" అని రాసున్న బాడీ కొన్నాను. డబ్బా బాగానే ఉంది, సీలు మాత్రం కాస్త మెత్తగా లేచొచ్చింది. కొత్త కార్డు పెట్టి మొదటి ఫోటో తీశాను. ఫైలు నంబరు 0213 అని వచ్చింది. కొత్త కెమెరాలో కొత్త కార్డుకి 0001 రావాలి. అంటే నాకన్నా ముందు ఎవరో రెండు వందల పన్నెండు ఫోటోలు తీసి చూసుకుని, నచ్చక తిప్పి పంపారు.

మొదట ఒళ్ళు మండింది. అమ్మినవాడికి రాశాను, సమాధానం రావడానికి వారం పట్టింది, తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆ వారంలో కోపం చల్లారాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ముందు మనిషి చేసిన తప్పేమిటి? తాకి చూశాడు. నేను షాపులో చేసిందే అతను ఇంట్లో చేశాడు. అక్కడ నేను తాకిన ఖర్చు షాపాయన మీద పడింది. ఇక్కడ అతను తాకిన ఖర్చు నా మీద పడబోయింది. తాకి చూడటం ఉచితం అని ఎవరన్నా, ఎక్కడో ఒకచోట ఎవరో కడుతూనే ఉన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం.

నకిలీ మెమరీ కార్డుల గురించి, గ్రే మార్కెట్ (తయారీదారు పెట్టిన దారి కాక వేరే దారిన వచ్చే సరుకు) గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఇది చదివేవాళ్ళకి తెలిసినవే. కార్డు లోపలి చిప్‌ని మార్చి, ఉన్నదానికి నాలుగింతలు ఉన్నట్టు చూపిస్తారు. అసలు సామర్థ్యం దాటాక రాసిందంతా గాలికి పోతుంది. కొత్త కార్డు రాగానే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ లాంటి సాఫ్ట్‌వేర్‌తో అంచు దాకా నింపి చూడండి. బ్యాటరీలు మాత్రం ఊరూ పేరూ లేనివి కొనకండి, అంతే. గ్రే మార్కెట్ సంగతికి ఒక్క ఉదాహరణ చాలు. వేరే దారిన దిగుమతైన నికాన్ కెమెరాలని అమెరికాలో నికాన్ సంస్థ చాలా ఏళ్ళపాటు డబ్బిస్తామన్నా బాగు చేయనంది. రేటులో తేడా చూసి సంబరపడేవాళ్ళు ఆ తేడా ఏ సేవకి కోత పెట్టి వచ్చిందో ఒకసారి చూసుకోవాలి.

షాపు గుడి కాదు

ఇప్పటిదాకా చదివి షాపులంటే నాకు భక్తి అనుకోకండి.

మా చెల్లెలు మొదటి కెమెరా కొనడానికి వెళ్ళినప్పుడు తోడు వెళ్ళాను. వేరే షాపు అది. డబ్బు తనది, వాడేది తను, రెండేళ్ళుగా ఫోన్‌తో నాకన్నా మంచి ఫోటోలు తీస్తున్నది తను. అడిగిన ప్రతి ప్రశ్నా తనే అడిగింది. కౌంటరు వెనక కుర్రాడు ప్రతి జవాబూ నాకు చెప్పాడు. తను లెన్సు మౌంటు గురించి అడిగితే, అతను నా వైపు తిరిగి "మేడమ్‌కి ఇది చాలా ఈజీగా ఉంటుంది సార్, గులాబి రంగు కూడా ఉంది" అన్నాడు. తను థ్యాంక్స్ చెప్పి బయటకొచ్చి, మెట్ల మీదే నిలబడి ఫోన్‌లో ఆర్డర్ పెట్టేసింది. ఆ షాపుకి మా చెల్లెలు ఏమైనా బాకీ ఉందా? నాకైతే ఉన్నట్టు అనిపించదు. ఆ షాపే మాకు బాకీ.

ఆన్‌లైన్‌లో సిగ్గుపడాల్సిన పని లేదు. తెలియని విషయం రాత్రి రెండింటికి వెతుక్కోవచ్చు. "ఈ మాత్రం తెలీదా" అన్నట్టు చూసే మొహం ఉండదు. అడక్కుండానే లెన్సు ముందు యూవీ ఫిల్టరు అనే అద్దం బిగించి బిల్లులో కలిపే చెయ్యి ఉండదు. ఫిల్టర్లు, బ్యాగులు, సన్నకాళ్ళ ట్రైపాడ్లు షాపు ఎందుకంత పట్టుబట్టి అంటగడుతుందో ఇప్పుడు నాకు తెలుసు. కెమెరా మీద మిగలనిది వాటి మీద మిగులుతుంది. అంటే సలహాకి డబ్బు అడగలేని షాపు ఆ డబ్బుని అక్కర్లేని ఫిల్టరులో దాచి అడుగుతోంది. దాంతో సలహా కూడా పాడవుతుంది. చూపించే చెయ్యీ అంటగట్టే చెయ్యీ ఒకటే అయినప్పుడు, ఏది ఎప్పుడు మాట్లాడుతోందో నాకెలా తెలుస్తుంది?

షాపే లేని చోట ఉన్నవాళ్ళకి ఈ గొడవంతా లేదు. వాళ్ళకి ఆన్‌లైన్ ఒక్కటే దారి. వాళ్ళని "షాపుని బతికించండి" అనే మాటతో ఇబ్బంది పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

బోర్డు మీద రాసిపెట్టడం

ఒకచోట చూసి ఇంకోచోట కొనే అలవాటు ఇంటర్నెట్ కన్నా పాతది. 1960లోనే లెస్టర్ టెల్సర్ అనే ఆర్థికవేత్త దీని మీద వ్యాసం రాశాడు. చూపించి వివరించే షాపు ఖర్చు పెడుతుంది, ఏమీ చూపించని షాపు ఆ ఖర్చు లేదు కాబట్టి చవగ్గా అమ్ముతుంది, కొనేవాడు ఇక్కడ చూసి అక్కడ కొంటాడు, చివరికి చూపించేవాడే ఉండడు. అందుకే తయారీదారులు కనీస ధర కట్టడి చేయాలనుకుంటారని ఆయన వాదన. 2007లో అమెరికా సుప్రీంకోర్టు లీజిన్ కేసులో, తయారీదారు ఇలా ధర కట్టడి చేయడం దానంతటదే చట్టవిరుద్ధం కాదని తేల్చినప్పుడు కూడా ఈ వాదన వినిపించింది. కొత్త మోడల్ కెమెరా ఏ చోట చూసినా ఒకే రేటుకి కనపడుతుండటం వెనక చాలాసార్లు ఇలాంటి కట్టడే ఉంటుంది.

ఈ పరిష్కారం నాకు నచ్చదు. అందరికీ ఒకే రేటు అంటే, షాపులో అరగంట కూర్చున్నవాడూ, ఎవరినీ ఏమీ అడక్కుండా కొన్నవాడూ ఒకే చూపుకి డబ్బు కడుతున్నారు. మా చెల్లెలు మెట్ల మీద నిలబడి కట్టిన డబ్బులో ఆ గులాబి రంగు సలహా ఖరీదు కూడా కలిసి ఉంటుంది.

చూపుని విడిగా అమ్మితే సరిపోతుంది కదా. అరగంటకింత. కొంటే బిల్లులో తగ్గిస్తారు. కొనకపోతే మన దారి మనది, మొహం చాటేసుకు తిరగక్కర్లేదు.

ఈ మాట ఆ సెన్సరు తుడిచినాయనతోనే ఒకసారి అన్నాను. ఆయన నవ్వి, "డబ్బిచ్చినవాడు అరగంటలో లేస్తాడనుకుంటున్నారా? రెండు గంటలు కూర్చుంటాడు. ఊరికే చూసేవాడికైతే మొహమాటం ఉంటుంది" అన్నాడు. తర్వాత కాసేపాగి, "డబ్బు తీసుకుంటే నా దగ్గర లేని సరుకు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడైతే ఉన్నదాని గురించి చెప్తే చాలు" అన్నాడు. ఆ రెండో మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. నా వాదనకి అంతకన్నా మంచి సమర్థన లేదు. ఏ షాపువాడూ దానికి ఒప్పుకోకపోవడానికి కూడా అదే కారణం.

నాకు నేనే చెప్పుకున్న అభ్యంతరం ఇంకొకటుంది. ఇది ఆయన మాట కన్నా గట్టిది. ఆ రోజు ఆయన నా ఎడమ కన్ను చూసింది సలహా ఇస్తూ కాదు. వేరే పని చేసుకుంటూ, ఊరికే తలెత్తినప్పుడు చూశాడు. గడియారం పెట్టి డబ్బు తీసుకునే మనిషి నా ఎదురుగా కూర్చుని, నేను అడిగిన ప్రశ్నలకి శ్రద్ధగా జవాబు చెప్పేవాడు. నేను అడిగేవి సెన్సరు నాయిస్ గురించే అయ్యేవి. నా ముక్కు గురించి అడగాలని నాకు తెలియదు కదా. పైగా డబ్బు తీసుకుంటానని బోర్డు పెట్టి ఉంటే, మూడు నెలల రివ్యూలు చదివి అన్నీ తెలుసనుకున్న నేను అసలు లోపలికే వెళ్ళేవాణ్ణి కాదేమో. కొత్తవాళ్ళూ బోర్డు చూసి వెనక్కి తిరుగుతారు. ఎక్కువ అవసరం ఉన్నది వాళ్ళకే.

ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఉచితంగా చూపించే షాపు ఎంతకాలం తలెత్తి చూడగలదు అన్నది కూడా ప్రశ్నే. నేను చేసినట్టు పదిమంది చేస్తే, పదకొండోవాడి కన్ను ఏదో చూడటానికి అక్కడ ఎవరూ ఉండరు.

అందుకే ఈమధ్య ఇంకో రూపం మీదకి నా మనసు పోయింది. అది కొత్తదేమీ కాదు. అద్దె. లెన్సు రెండు రోజులు అద్దెకి తీసుకోవడమంటే తాకి చూసినందుకు డబ్బు కట్టడమే. దాన్ని ఎవరూ అవమానంగా అనుకోరు, ఎవరూ దొంగచూపులు చూడరు. షాపులో తెలిసేదీ ఇంట్లో తెలిసేదీ రెండూ తెలుస్తాయి. 0213 అని వచ్చినా ఒళ్ళు మండదు, ఎవరెవరో వాడారని తెలిసే తీసుకుంటాం. తర్వాత అదే లెన్సు కొంటే అద్దె తగ్గించే షాపులూ ఉన్నాయి. లెన్సుల మధ్య తేడాల గురించి అంత నిజం మాట్లాడింది అద్దెకిచ్చే మనిషే కావడం కాకతాళీయం కాదనుకుంటాను. అతనికి ఫలానా మోడలే గొప్పదని చెప్పాల్సిన పని లేదు.

ఇవన్నీ ఆలోచించుకుని వారం తర్వాత ఆ స్నేహితుడికి ఫోన్ చేశాను. మొదట చెప్పింది మర్చిపో, వెళ్ళి ఆ లెన్సు రెండు రోజులు అద్దెకి తీసుకో అన్నాను. వెళ్ళాడు. ఆదివారం రాత్రి వాడే ఫోన్ చేశాడు.

"అద్దె కట్టేశాను. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొనొచ్చా?"

"కొనుక్కో. ఎవరికీ బాకీ లేవు."

"కొనట్లేదులే" అన్నాడు. "రెండో రోజుకే భుజం పట్టేసింది."